నాలుగో డిష్ మీద నీడ

శనివారం మధ్యాహ్నం శ్రోత కిటికీ దగ్గర కూర్చుని వార్తలు వింటోంది. నాలుగో డిష్ నుంచి వస్తున్న వార్తలు వరసగా రెండోరోజు కూడా నడిమధ్యలో తెగిపోయాయి. శుక్రవారం మూడు నిమిషాలు, శనివారం ఎనిమిది. ఏదో దేశపు మంత్రిగారు ప్రారంభించిన గడియార స్తంభం ఒక గంట వెనక నడుస్తోందన్న వార్త అప్పుడే పూర్తయింది. అంతలో కిటికీ పక్క బల్ల మీది స్పీకరులో గొంతు మాయమై, ఇసుక జల్లెడ పడుతున్నట్టు హోరు మొదలైంది. శ్రోత తల తిప్పి చూసేసరికి, పెరట్లో సరిగ్గా ఆ డిష్ పక్క నుంచి వదిన తడి దుప్పటి భుజాన వేసుకుని తాపీగా నడిచి వెళుతోంది. పైగా తనలో తాను నవ్వుకుంటోంది.

శ్రోత అన్నది ఆమెకు ఉద్యోగం ఇచ్చిన పేరు. ఒక వార్తాసంస్థలో పదకొండేళ్ళపాటు నాలుగు పరాయి భాషల వార్తలు విని, గంటలోపు సారాంశం రాసి ఇచ్చింది. విభాగాన్ని మూసేసినప్పుడు, ఇదే పని ఇంటి నుంచి చేస్తానని ఎడిటర్‌ని ఒప్పించింది. నాలుగు భాషలు ఆకాశంలో నాలుగు చోట్ల ఉన్న ఉపగ్రహాల నుంచి వస్తాయి కనుక పెరట్లో నాలుగు డిష్‌లు లేచాయి. నెల రోజులు పరీక్ష అన్నాడు ఎడిటర్. ఇరవై ఆరు రోజులు పొల్లు పోకుండా గడిచాయి. తరువాత ఈ రెండు ఖాళీలు.

"రేపు ఆదివారం, మనకి సంచిక లేదు," అన్నాడాయన శనివారం ఫోన్‌లో. "సోమవారం పన్నెండు గంటల వార్తల్లో ఒక్క వాక్యం తెగినా ఈ పని ఇంకొకరికి ఇచ్చేస్తాను. మీమీద గౌరవం లేక కాదు. ఖాళీలతో నేనేం చేసుకోను?"

ఆ వార్తలు ఇంటర్నెట్‌లోనూ దొరుకుతాయి కానీ గంట ఆలస్యంగా, సగం కత్తిరించి దొరుకుతాయి. ఎవరూ కత్తెర పెట్టకముందే వినగలగడమే శ్రోత విలువ. ఆ సంగతి ఆమెకు తెలుసు, ఎడిటర్‌కీ తెలుసు. తన చెవి మీద, తన భాషల మీద ఆమెకు ఏ సందేహమూ లేదు. సందేహమంతా పెరటి మీదే. ఆ పెరడు ఆమె ఒక్కదానిది కాదు. మేడ మీద అన్నావదినలు, కింద ఆమె, వెనక పెరడు ఉమ్మడి.

*

ఆదివారం పదకొండున్నరకే శ్రోత పెరట్లోకి దిగింది. చేతిలో సిగ్నల్ మీటరు, మణికట్టుకు గడియారం, నోట్లో అక్షరం అక్షరం కూర్చుకున్న మాటలు.

వెనక గోడ వారగా మూడు చిన్న డిష్‌లు వరసగా ఉన్నాయి. వాటికి కొంచెం ఎడంగా, కాంక్రీటు దిమ్మలో పాతిన ఇనుప స్తంభం మీద నాలుగోది. పాతకాలపు పెద్ద డిష్ అది. తెల్లటి రేకులు పువ్వులా ఒకదానికొకటి బిగించి ఉంటాయి. చేతులు బార్లా చాపినా రెండు అంచులూ అందవు. అంచుల నుంచి మూడు కడ్డీలు ముందుకు సాగి ఒకచోట కలుస్తాయి. అక్కడ పిడికిలికంటే కాస్త పెద్ద లోహపు డబ్బా ఒకటి డిష్ నడిబొడ్డు కేసి చూస్తూ ఉంటుంది. డిష్‌లు బిగించిన మేస్త్రి దాన్ని ఎల్‌ఎన్‌బీ అంటాడు. వదిన కన్ను అంటుంది.

ఈ నాలుగింటికీ 'అల్లుళ్ళు' అని పేరు పెట్టింది కూడా వదినే. "నలుగురూ తలో వైపు మొహం తిప్పుకుని కూర్చుంటారు. ఒకళ్ళనొకళ్ళు చూసుకోరు. వేలు తగిలితే అలుగుతారు. పొద్దున్నే మొహాలు మనమే తుడవాలి. అల్లుళ్ళు కాక మరేమిటి?" అని మొదటివారమే తేల్చేసింది. ఇప్పుడు వీధిలో పాలు పోసే మనిషి కూడా "పెద్దల్లుడుగారు కులాసానా?" అని అడిగి వెళుతున్నాడు.

పెరట్లో మిగిలిన సగం వదిన రాజ్యం. తూర్పు గోడ పక్కన, నేలలో నాటిన మొదళ్ళకు ముప్పై రెండు గులాబీ అంట్లు కట్టింది. కట్టి పన్నెండు రోజులైంది. ఇంకో పది రోజులదాకా వాటి మీద గట్టిగా గాలి వీచినా ఆమె ఓర్చుకోదు. చిన్న ముక్కాలిపీట మీద కూర్చుని, ఒక్కో కట్టునూ వేళ్ళ చివరలతో తడిమి చూస్తోంది.

"వదినా, ఒక్క మాట."

"ఒక్కటేనా? నీ మొహం చూస్తే పదిహేను నిమిషాల బులెటిన్‌లా ఉంది."

"నిన్న పన్నెండూ అయిదుకి పెద్దల్లుడి దగ్గర ఏం చేస్తున్నావు?"

"దుప్పటి ఆరేసుకోవడానికి వెళుతున్నాను."

"మొన్న?"

"మొన్న దిండు గలేబులు. నువ్వు వార్తలు రాసుకుంటావు కానీ చాకలి పద్దు కూడా రాస్తావని తెలియదే."

"తడి బట్ట అడ్డం వస్తే సిగ్నల్ రాదని మేస్త్రి నీ ఎదురుగానే చెప్పాడు."

"చెప్పాడు. అందుకే బట్టల తీగ ఆ చివరికి మార్చి కట్టాను. మార్చి పద్దెనిమిది రోజులైంది. చూశావా? చూడవు. నీ చూపు ముప్పై ఆరువేల కిలోమీటర్ల అవతల ఉంటుంది. ఇరవై అడుగుల్లో ఉన్న తీగ నీ కంటికెందుకు ఆనుతుంది?"

శ్రోత తల తిప్పి చూసింది. తీగ నిజంగానే ఆ చివర ఉంది. దాని మీద ఆరేసిన బట్ట ఏదీ ఏ డిష్‌కీ అడ్డం రాదు. కూర్చుకుని తెచ్చుకున్న మాటల్లో సగం అక్కడే రాలిపోయాయి. మిగిలిన సగాన్ని వదలడానికి ఆమె మనసొప్పలేదు.

"నవ్వావు కూడా. వార్తలు తెగిపోయినప్పుడే నవ్వావు."

వదిన వేళ్ళు కట్టు మీద ఆగాయి. "నవ్వాను. నవ్వొచ్చింది."

"దేనికి?"

"అది నా సంగతి." చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ లేచింది. "చూడమ్మాయ్. నేనీ ఇంటికొచ్చి పదిహేనేళ్ళు. కోపమొస్తే నీ మొహం మీదే అన్నాను. చిన్నదానివి కదా అని నువ్వూ ఏనాడూ తగ్గలేదు. నేను చాటుమాటున దుప్పటి అడ్డం పెట్టే మనిషినని నీకు నిజంగా అనిపించిందా?"

నిజానికి అనిపించింది. ఒక చోట ఉండటం వేరు, అక్కడ జరిగినదానికి కారణం కావడం వేరు. ఈ తేడాను పుస్తకాల్లో పెన్సిలుతో గీత గీసి మరీ చదువుకున్న మనిషి ఆమె. పెరట్లోకి వచ్చేసరికి ఆ గీత చెరిగిపోయింది.

"అనిపించిందా లేదా?" వదిన మళ్ళీ అడిగింది.

"రెండుసార్లు తెగింది. రెండుసార్లూ నువ్వే ఉన్నావు."

"సరే. ఇవాళ ఉతుకుడు లేదు. మీ అన్నయ్య క్షవరానికి వెళ్ళాడు, ఒంటిగంట దాకా రాడు. పెరట్లో నువ్వూ నేనే. రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని ఇక్కడే నీ ఎదురుగా నిలబడతాను. నీ మీటరు నువ్వు చూసుకో. తెగితే ఏమంటావు?"

"తెగదు."

"తెగితే?"

శ్రోత కిటికీ తలుపులు బార్లా తెరిచి, స్పీకరును పెరటి వైపు తిప్పి, మీటరు తీగను పెద్ద డిష్‌కు తగిలించింది. మీటరు సన్నగా, తెంపు లేకుండా కూత పెట్టింది. మంచి సిగ్నల్‌కు గుర్తు ఆ కూత. స్తంభం మీద రసమట్టం ఆనించి చూసింది. బుడగ రెండు గీతల మధ్య నిశ్చలంగా ఉంది. బోల్టులు ఒక్కొక్కటీ పానాతో పరీక్షించింది. తన పనిలో ఆమె ఎప్పుడూ తడబడలేదు, ఇప్పుడూ తడబడలేదు.

పన్నెండు గంటలకు స్పీకరులో గొంతు మేలుకుంది. ఆ భాషలో ఆ వార్తలు చదివే మనిషి రోజూ ఒకే రకంగా మొదలుపెడతాడు: ఇప్పుడు మధ్యాహ్నం పన్నెండు గంటలు, ఎక్కడున్నా, వింటున్న ప్రతి ఒక్కరికీ మా నమస్కారం. వదిన నెత్తిన చేతులు పెట్టుకుని, గులాబీల మడి పక్కన బడిపిల్లలా నిలబడి ఉంది. నవ్వడం లేదు. తల కొద్దిగా పక్కకు వంచి ఉంది, అంతే.

పన్నెండూ మూడు. కూత తెగలేదు.

"భుజాలు లాగుతున్నాయి."

"దింపకు."

"దింపనులే. నీ పెళ్ళిచూపులకి కూడా ఇంతసేపు నిలబడలేదు."

పన్నెండూ నాలుగు దాటగానే కూత సన్నబడింది. స్పీకరులో గొంతు చుట్టూ గరగర చేరింది. శ్రోత వదిన వైపు చూసింది. చేతులు నెత్తినే ఉన్నాయి. డిష్ ముందు ఎవరూ లేరు. పిట్ట కూడా లేదు, ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. మీటరు ముల్లు మెల్లగా పడిపోయి కింద కొట్టుకుంది. గొంతు మునిగిపోయి ఇసుక హోరు ఒక్కటే మిగిలింది.

"తెగిందిగా?" అంది వదిన. ఆ మాటలో గెలిచానన్న ధ్వని లేకపోవడమే శ్రోతను ఎక్కువగా కుంచింపజేసింది. "ఇక దింపుకోనా?"

"దింపు వదినా."

"దింపితే దింపాను కానీ, ఇటు రా. ఇలా, దీని ముందుకి. మధ్యలోకి చూడు."

శ్రోత డిష్ అంచు పక్కకు వచ్చి చూసింది. తెల్లటి ఆ పెద్ద పళ్ళెంలో మూడు కడ్డీల నీడలు మూడు గీతల్లా పరుచుకుని ఉన్నాయి. అవి కలిసేచోట, ఎల్‌ఎన్‌బీ నీడ గుండ్రంగా, నల్లగా, నడిబొడ్డున ఉన్న బోల్టును చేరబోతోంది. కొలిచి అతికించినట్టు ఆ నీడ పళ్ళెం కేంద్రానికి ఒక్క వేలి ఎడంలో ఉంది.

ఆ నీడకు పైన, రేకుల అతుకు గీత వెంబడి, పెన్సిలుతో పెట్టిన చిన్న చిన్న చుక్కలు. పదకొండు. ఒకదాని కింద ఒకటి, నడిబొడ్డు వైపు దిగివస్తూ.

"ఇవేమిటి?"

"నేను పెట్టినవే. తిడతావని చెప్పలేదు." వదిన కొంచెం సిగ్గుపడింది. "అంట్లకి మధ్యాహ్నం ఎండ ఎంత తగులుతోందో చూసుకోవాలి. మామూలుగా అయితే నేల మీద పుల్లలు పాతి గుర్తు పెట్టుకుంటాను. నీ పెద్దల్లుడొచ్చాక నేల మీదెందుకనిపించింది. ఎండకి ఇంతకంటే మంచి పలక ఎక్కడ దొరుకుతుంది? నీడ ఈ అతుకు గీత మీదికి వచ్చినప్పుడల్లా ఒక చుక్క. మొదటి చుక్క పెట్టినరోజు నీడ ఇదిగో, బెత్తెడు పైన ఉంది. రోజుకి బఠాణీ గింజంత కిందికి దిగుతోంది."

"రోజూ ఇదే వేళకా?"

"ఇదే వేళకి. నీ వార్తలు సగంలో ఉన్నప్పుడు. శుక్రవారం నీడ బొడ్డుకి దగ్గరగా వచ్చింది, నీ స్పీకరు గరగరలాడింది. నిన్న ఇంకా దగ్గరకొచ్చింది, ఇంకా ఎక్కువసేపు గరగరలాడింది. ఆ రెంటికీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు. అడుగుదామనే నిన్న ఇటు వచ్చాను. నువ్వు కిటికీలోంచి చూసిన చూపుకి దుప్పటి పట్టుకుని వెళ్ళిపోయాను."

శ్రోత నీడను చూసింది, వెనక్కి తిరిగి ఆకాశాన్ని చూడబోయి, కళ్ళు చెదిరి తల దించుకుంది. దించుకున్న ఆ క్షణంలోనే అంతా స్పష్టమైంది. డిష్ ఎటు చూస్తోందో సూర్యుడు అటే ఉన్నాడు. ఉపగ్రహానికి సరిగ్గా వెనక వచ్చి నిలబడ్డాడు. ఆ ఉపగ్రహం పంపే సన్నని గొంతునూ, వెనక నుంచి సూర్యుడు కురిపించే మోతనూ డిష్ ఒకే కన్నుతో అందుకుంటోంది. అంత మోతలో ఆ గొంతు ఎలా వినబడుతుంది? అడ్డం వచ్చింది ఎవరూ కాదు. అందరికీ కనిపించేవాడే, పట్టపగలు, రోజుకి బఠాణీ గింజంత చొప్పున నడిచి వచ్చాడు.

పన్నెండూ పదమూడుకు నీడ నడిబొడ్డు దాటి ఇవతలికి జరిగింది. హోరులోంచి గొంతు సగం వాక్యంతో పైకి తేలింది. మీటరు మళ్ళీ కూత అందుకుంది. ఇద్దరూ వార్తలు పూర్తయ్యేదాకా అక్కడే నిలబడ్డారు.

*

"మేస్త్రిగారూ, సూర్యుడి సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"ఏ సంగతమ్మా? రోజూ వస్తూనే ఉన్నాడుగా," అన్నాడు మేస్త్రి ఫోన్‌లో. భోంచేస్తున్నట్టున్నాడు. ఆమె నీడ సంగతీ చుక్కల సంగతీ చెప్పాక నమలడం ఆపాడు. "అయ్యో. అదా. ఏడాదికి రెండుసార్లు వస్తుందమ్మా అది. ఐదారు రోజులుండి పోతుంది. ముప్పై ఏళ్ళుగా డిష్‌లు బిగిస్తున్నాను, ఎవరూ దాని గురించి అడగలేదు. సినిమాలు చూసేవాళ్ళు ఆ పది నిమిషాలూ లేచి టీ తాగొస్తారు. పది నిమిషాల కోసం ప్రాణం పెట్టే మనిషి దొరుకుతుందని నేనేమైనా కలగన్నానా?"

"రేపు ఎలా ఉంటుంది?"

"చుక్కలు ఎంతవరకొచ్చాయన్నారు? బొడ్డుకి ఒక్క గింజ ఎడమా? అయితే రేపు సరిగ్గా బొడ్డు మీద కూర్చుంటాడు. పన్నెండూ మూడు నుంచి పదమూడు దాకా ఖాయం. ఎల్లుండి నుంచి తగ్గుతుంది."

"తప్పించే దారి?"

"పెద్దల్లుడికా? లేదమ్మా. సూర్యుణ్ణి కాస్త పక్కకి జరగమనే పానా నా సంచీలో లేదు." మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "ఒకటుంది. మొదటివారం మనం చూసి వదిలేశామే, తూర్పు వైపు కిందుగా ఉండే ఉపగ్రహం. ఆ స్టేషను అందులోనూ వస్తుంది. అక్కడికి సూర్యుడు పొద్దున తొమ్మిదింటికే వచ్చి వెళ్ళిపోతాడు, మధ్యాహ్నం మన జోలికి రాడు. చిన్న డిష్ చాలు. దిమ్మ కూడా అక్కర్లేదు. గజం నేలలో ముక్కాలి స్టాండు మీద నిలబెట్టి ఇసుక మూటలు వేస్తాను. గంట పని. కానీ ఎక్కడ పెట్టాలో మీకు తెలుసుగా."

తెలుసు. మొదటివారం మేస్త్రి కంపాసు పట్టుకుని పెరడంతా అడుగడుగూ నడిచాడు. పక్కింటి మెట్ల గోడకూ వాళ్ళ నీళ్ళ ట్యాంకుకూ మధ్య ఆ మూల ఆకాశం సన్నటి సందులా కనిపించేది ఒకే ఒక్క చోటి నుంచి. ఆ చోట ఇప్పుడు గులాబీ అంట్లు ఉన్నాయి. స్టాండుకూ మూటలకూ గజం నేల కావాలి. కనీసం తొమ్మిది మొక్కలు పోతాయి.

"నాలుగింటిలోపు చెబితే వచ్చేస్తానమ్మా," అన్నాడు మేస్త్రి.

శ్రోత ఫోన్ పెట్టేసింది. కిటికీ అవతల వదిన మళ్ళీ ముక్కాలిపీట మీద కూర్చుని కట్లు తడుముతోంది. మేస్త్రి మాటలు ఆమె చెవిన పడ్డాయో లేదో తెలియదు. అడగడం సులువే. పని చేజారిపోతోందని చెబితే ఎవరికైనా జాలి కలుగుతుంది. అయితే అడగడానికి ముందు చెప్పవలసింది ఒకటి ఉంది. అది చెప్పిన తరువాత అడిగే మొహం ఉండదు. ఈ క్రమాన్ని తారుమారు చెయ్యడం ఆమెకు చేతకాదు.

బయటికి వచ్చి మడి అంచున నిలబడింది.

"వదినా. నిన్న ఎడిటర్‌కి ఒక ఈమెయిల్ రాసి పంపాను."

"ఏమని?"

"కుటుంబ సభ్యురాలి వల్ల అంతరాయం కలిగింది, సరిదిద్దుతాను అని."

వదిన తల ఎత్తలేదు. "పేరు రాశావా?"

"లేదు."

"ఇంట్లో ఉన్నది ముగ్గురం. మీ అన్నయ్య 'సభ్యురాలు' కాడు. నువ్వు నీ మీద రాసుకోవు. ఇంక పేరెందుకు?"

వెతికితే సర్దుబాట్లు దొరుకుతాయి. శ్రోత వెతకలేదు. "తప్పు చేశాను," అంది. "నిన్ను అడగకుండా నిర్ణయించేశాను. నాలుగు దేశాల వాళ్ళు ఏమంటున్నారో రోజూ వింటాను. నువ్వేమంటావో వినాలని తోచలేదు."

"బాగా చెప్పావు. రాసుకున్నావా ఏమిటి, ఇంత నున్నగా వచ్చింది?"

"ఇది రాసుకోలేదు. పొద్దున్న తిట్టడానికి వచ్చినప్పటివే రాసుకున్నాను."

వదిన ముక్కుతో ఒక శబ్దం చేసింది. అది కోపమో, ఆపుకున్న నవ్వో తెలియలేదు. "వెళ్ళు. ఎండలో నిలబడకు. నీ నీడ నా అంట్ల మీద పడుతోంది."

శ్రోత లోపలికి వచ్చి బల్ల ముందు కూర్చుంది. పదకొండేళ్ళుగా ఇతరుల మాటలను క్లుప్తంగా రాసిన చెయ్యి ఇప్పుడు తన మాటలను కూడా క్లుప్తంగానే రాసింది. *శుక్ర, శనివారాల అంతరాయానికి కారణం సూర్యుడు. కుటుంబ సభ్యురాలి గురించి నేను రాసింది తప్పు. అసలు కారణానికి నన్ను నడిపించింది ఆమే.* చదువుకుంది, పంపించింది. తరువాత ఇంకో మెయిల్ మొదలుపెట్టింది. *సోమవారం పన్నెండు గంటల వార్తల్లో పది నిమిషాలు అందవు. ముందుగానే తెలియజేస్తున్నాను.* ఈ రెండు వాక్యాలూ పంపితే పని పోయినట్టే. పని పోవడం చిన్న సంగతి కాదు. తొమ్మిది మొక్కలను అడిగి పుచ్చుకోవడం అంతకంటే పెద్ద సంగతి అనిపించింది. తల దించుకుని కాక, తిన్నగా కూర్చుని ఆ లెక్క తేల్చుకుంది. తేల్చుకున్నాక చిత్రంగా మనసు కుదుటపడింది.

పంపడానికి వేలు ఎత్తింది. పెరట్లోంచి చాలాసేపటిగా వస్తున్న గునపం చప్పుడు అప్పుడు గానీ ఆమె చెవిన పడలేదు.

ఒకటి. రెండు. మూడు.

కిటికీ దగ్గరికి వెళ్ళి చూసింది. వదిన చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని మడి మధ్యలో నిలబడి ఉంది. ఆమె కాళ్ళ దగ్గర తొమ్మిది గులాబీ మొదళ్ళు, కట్టిన కట్లు కట్టినట్టే, వేళ్ళతో సహా ఒక తట్టలో పడి ఉన్నాయి. ఖాళీ అయిన చోట నాలుగు మూలలా నాలుగు పుల్లలు పాతి, పురికొస చుట్టి, గజం నేల చదరంగా కొలిచి ఉంది.

శ్రోత పరుగున బయటికి వచ్చింది. "ఏం చేశావు వదినా? నేను అడగనే లేదు!"

"అడగవని తెలుసు. అడిగి ఉంటే ఇచ్చేదాన్ని కాదు." గునపానికి ఆనుకుని వదిన ఊపిరి తీసుకుంది. "మేస్త్రి గొంతు వీధి చివరికి వినబడుతుంది. గజం అన్నాడా, గజం తీశాను. ఇంకో అంగుళం అడిగితే ఆ గునపం ఆయన అల్లుడి మొహానికే తగులుతుందని చెప్పు."

"ఇవి బతకవు కదా."

"రెండో మూడో బతకొచ్చు. కుండీల్లో పెడతాను. ఇరవై మూడున్నాయి, చాలు. అంట్లు మళ్ళీ కట్టుకుంటాను. రేపటి పన్నెండు గంటలని మళ్ళీ కట్టుకోలేం." నుదుటి చెమట మోచేత్తో తుడుచుకుంది. "అయితే ఊరికే ఇవ్వడం లేదు. ఒక షరతు."

"చెప్పు."

"రేపు నీ బల్ల దగ్గర రెండో కుర్చీ వెయ్యాలి. నేనూ కూర్చుంటాను."

"కూర్చో. కానీ ఆ పదిహేను నిమిషాలూ నేను మాట్లాడను వదినా. విసుగొస్తుంది. నీకు ఒక్క ముక్క అర్థం కాదు..."

"నిన్న ఎందుకు నవ్వానని అడిగావు కదూ." వదిన గునపం గోడకు ఆనించింది. "నిన్ను చూసి కాదు. గంట వెనక నడుస్తోందన్నాడే, ఆ మంత్రిగారి గడియారం. దానికి నవ్వాను."

ఆ వార్తను శ్రోత ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. తెగిన బులెటిన్ కనుక సారాంశంలో కూడా రాయలేదు.

వదిన మట్టిచేతులు దులుపుకుని, తల కొద్దిగా పక్కకు వంచి, నాలుగో డిష్ వినిపించే ఆ భాషలో మాట్లాడింది. ఇప్పుడు మధ్యాహ్నం, ఎక్కడున్నా, వింటున్న ప్రతి ఒక్కరికీ మా నమస్కారం. నెలరోజులుగా కిటికీ పక్కన వింటున్నది చిలకలా అప్పజెబుతోందేమో అనుకుంది శ్రోత. వదిన అక్కడ ఆగలేదు. వార్తలు చదివే మనిషి ఎన్నడూ అనని మాటలు, అతని గొంతులో లేని సరిహద్దు ఊళ్ళ యాసతో, తడుముకోకుండా కలిపింది. ఈ ఇంట్లో కూడా ఒకామె వింటోంది. ఎక్కువమంది చదువుకుని నేర్చుకుంటారు. ఆమె ఉయ్యాల్లో నేర్చుకుంది. ఇన్నేళ్ళూ ఆమెను ఎవరూ అడగలేదు.

"వదినా, ఇది నీకెలా..." శ్రోత ఏ భాషలో అడిగిందో ఆమెకే తెలియలేదు.

వీధి గేటు గొళ్ళెం చప్పుడైంది. అన్నయ్య తిరిగొస్తున్నాడు. వదిన ముఖంలో ధీమా అలాగే ఉంది. కంఠం మాత్రం సగానికి తగ్గింది.

"ముందు మేస్త్రికి ఫోన్ చెయ్యి. మిగతాది రేపు, ఆ కుర్చీలో కూర్చున్నాక చెబుతాను. అంతదాకా నీ చెవిలోనే ఉంచుకో." పురికొస చదరాన్ని ఒక్కసారి చూసుకుని ఆమె అంది: "నేను పుట్టిన ఊరని మీ అన్నయ్యకి చెప్పింది, నేను పుట్టిన ఊరు కాదు."